ఛాతీలో మంటకు కారం ఒక్కటే కారణం కాదు: సీమ తిండి మానకుండా ఎసిడిటీని అదుపులో పెట్టుకోవడం ఎలా

కడపలో ఎవరైనా ఛాతీలో మంటగా ఉందంటే చాలు, పక్కనున్నవాళ్లు "కారం తగ్గించు" అంటారు. పాపం ఆ మనిషి నాలుగు రోజులు పెరుగన్నంతో సరిపెట్టుకుంటాడు. మంట తగ్గదు. ఇక కారం మానడం ఎందుకని మళ్లీ మామూలుగా తినేసి, మెడికల్ షాపులో గ్యాస్ బిళ్లలు కొనుక్కుంటూ ఏళ్లు గడిపేస్తాడు. కారానికి ఇందులో వంతు లేదని అనను. అయితే ఏం తిన్నామన్నదాని కంటే, రాత్రి ఎన్ని గంటలకు తిన్నాం, ఎంత తిన్నాం, తిన్నాక ఎంతసేపటికి పడుకున్నాం అన్నవే చాలామందిలో మంటను ఎక్కువ చేస్తాయి. అందుకే ఈ పద్ధతిలో మొదట మార్చాల్సింది గడియారాన్ని, మంచాన్ని. వంటింటి జోలికి ఆ తర్వాత వెళ్దాం.

ముందు గుండె సంగతి తేల్చుకోండి

మన వైపు ఛాతీలో ఏ ఇబ్బంది వచ్చినా "గ్యాస్ పట్టేసింది" అనుకోవడం అలవాటు. సోడా తాగి, వాము నమిలి, వీపు రుద్దించుకుంటూ గంటలు గడిపేస్తారు. ఆ గంటలే ప్రాణం మీదికి తెస్తాయి. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టో పిసికినట్టో ఉన్నా, నొప్పి ఎడమచేతికో భుజానికో దవడకో పాకుతున్నా, చెమటలు పట్టి ఆయాసం వస్తున్నా ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు మాత్రమే వచ్చి, ఆగితే తగ్గే నొప్పిని కూడా గ్యాస్ ఖాతాలో వేయకండి. అది గుండెదే అయ్యే అవకాశం ఎక్కువ.

షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు, పెద్దవయసు వాళ్లకు గుండెపోటు ఇంత స్పష్టంగా కనపడకపోవచ్చు. వికారం, ఆయాసం, పొట్ట పైభాగంలో మంట మాత్రమే ఉండొచ్చు. గ్యాస్ మందు తాగితే తగ్గింది కదా, ఇక గుండెది కాదులే అనుకోవడానికీ లేదు. అనుమానం ఉంటే ఈసీజీ తీయించుకోండి.

మంట ఎందుకు పుడుతుంది

అన్నవాహిక పొట్టలో కలిసే చోట గుండ్రటి కండరం ఒకటి ఉంటుంది. అది చెరువుకు తూము లాంటిది. ముద్ద దిగేటప్పుడు తెరుచుకుని, దిగాక మూసుకోవాలి. పొట్టలో ఊరే ఆమ్లం చాలా ఘాటైనది. దాని పీహెచ్ (ఆమ్లం ఘాటును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ) సుమారు 1.5 నుంచి 3.5 వరకు ఉంటుంది. పొట్ట లోపలి పొరకు దాన్ని తట్టుకునే జిగురు ఉంది. అన్నవాహికకు అంత రక్షణ లేదు. తూము వదులైనా, వేళకాని వేళలో తెరుచుకున్నా, చెరువు పొర్లేదాకా నిండినా ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఛాతీ ఎముక వెనక మంట, నోట్లోకి పుల్లటి నీళ్లు, తేన్పులు ఇలా వచ్చేవే. కొందరికి మంట తెలియదు గానీ రాత్రిపూట పొడిదగ్గు, తెల్లారి గొంతు బొంగురు ఉంటాయి.

ఈ కండరాన్ని వదులు చేసేవాటిలో ముఖ్యమైనవి నూనె, కొవ్వు ఎక్కువగా ఉన్న తిండి, మద్యం, పొగాకు. కొందరికి కాఫీ, చాక్లెట్, పుదీనా కూడా పడవు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, గర్భం కింది నుంచి ఒత్తిడి పెంచుతాయి. కారం పని వేరు. అప్పటికే ఆమ్లం తగిలి పచ్చిగా ఉన్న చోట అది మండిస్తుంది. అందుకే కారం ఒక్కటే మానేసి మిగతావన్నీ అలాగే ఉంచితే మంట కొంచెం చల్లారినట్టు ఉంటుంది గానీ పోదు.

కారం తింటే అల్సర్ వస్తుందన్న మాటా ఇలాంటిదే. ఎక్కువ అల్సర్లకు కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా అని ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980లలో చూపించారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తనే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అల్సర్లకు రెండో పెద్ద కారణం నొప్పి బిళ్లలు. వాటి సంగతి కిందకొస్తుంది.

రెండు వారాలు రాసి పెట్టుకోండి

పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకోండి. తిన్న టైము, ఏం తిన్నారు, కడుపు నిండా తిన్నారా లేక ఇంకొంచెం ఖాళీ ఉంచారా, ఎన్నింటికి పడుకున్నారు, మంట ఎప్పుడు వచ్చింది. రోజుకు మూడు నాలుగు లైన్లు చాలు. టీలు, సిగరెట్లు, వక్కపొడి, నొప్పి బిళ్లలు కూడా రాయండి. సాధారణంగా మనం రాయకుండా వదిలేసేవి ఇవే.

ఒకరికి పడనిది ఇంకొకరికి హాయిగా పడుతుంది. టమాటా పప్పు మా ఇంట్లో ఒకరికి మంట, ఇంకొకరికి ఏమీ కాదు. ఎవరో చెప్పిన పెద్ద లిస్టు చూసి అన్నీ ఒకేసారి మానేస్తే వారానికే విసుగొచ్చి వదిలేస్తారు. అసలు దోషి ఏదో కూడా తెలియదు. ఒక్కోదాన్ని వారం పాటు ఆపి చూడండి.

రాత్రి భోజనాన్ని ముందుకు జరపండి

అన్నింట్లోకీ గట్టి ఫలితం ఇచ్చేది ఇదే. తిన్నాక పడుకోవడానికి మధ్య మూడు గంటలు ఉండాలి. పదింటికి పడుకునేవాళ్లు ఏడింటికల్లా తినేయాలి. పొట్ట ఖాళీ అవడానికి టైము కావాలి. నూనె, మాంసం ఉంటే ఇంకా ఎక్కువ కావాలి. నిలబడి, కూర్చుని ఉన్నప్పుడు ఆమ్లం తన బరువుకు తను కిందే ఉంటుంది. నిండు పొట్టతో వెల్లకిలా పడుకుంటే అన్నవాహికలోకి పారుతుంది.

చెప్పడం తేలికే, ఇంట్లో జరగడం కష్టమని నాకూ తెలుసు. కొట్టు కట్టేసి మగవాళ్లు వచ్చేసరికి తొమ్మిదిన్నర. వాళ్లు తిన్నాక ఆడవాళ్లు తినేసరికి పదిన్నర. గిన్నెలు సర్దేసి అలాగే ఒరిగిపోతారు. ఆడవాళ్లలో ఈ బాధ ఇంతగా కనపడటానికి ఈ అలవాటు పెద్ద కారణమని నా నమ్మకం. అమ్మలకు, అత్తలకు, కోడళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆయన వచ్చేదాకా ఆగకండి. ఏడున్నరకు మీరు తినేయండి. ఆయన వచ్చాక పక్కన కూర్చుని వడ్డించండి, లేదా ఆయన్నే వడ్డించుకోమనండి.

కొట్టు వదిలి రాలేనివాళ్లు సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య కొట్లోనే రెండు జొన్న రొట్టెలో రెండు ఇడ్లీలో తినండి. ఇంటికొచ్చాక ఆకలైతే అరగ్లాసు పలుచటి మజ్జిగతోనో చిన్న గిన్నెడు అన్నంతోనో ముగించండి. పెళ్లి రిసెప్షన్‌కు వెళ్లేటప్పుడూ అంతే, ఇంట్లో కాస్త తిని బయల్దేరండి. అక్కడ పది గంటలకు ఆకలి మీద బిర్యానీ ముందు కూర్చుంటే చెయ్యి ఆగదు.

రంజాన్ నెలలో ఈ లెక్క తిరగబడుతుంది. తెల్లవారుజామున సహరీ తిని, పొద్దుటి ఫజర్ నమాజు అయ్యాక మళ్లీ పడుకునేవాళ్లకు తెల్లవారే మంట మొదలవుతుంది. సహరీలో నూనె పరాటాలు, వేపుళ్ల బదులు తేలికగా తినండి. పడుకోవాల్సి వస్తే తల, వీపు ఎత్తుగా పెట్టుకుని ఎడమవైపు తిరిగి పడుకోండి. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లతో ఆపి, నమాజు చేసుకుని వచ్చి మిగతాది తింటే పొట్ట మీద ఒక్కసారిగా భారం పడదు. వేళకు మందులు వాడేవాళ్లు ఉపవాసాలు మొదలవకముందే డాక్టర్‌ను అడగాలి.

మంచం తల వైపు ఎత్తండి

తల కింద రెండు మూడు దిండ్లు పెట్టుకుంటే మెడ మాత్రమే వంగుతుంది, పొట్ట మడత పడి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నడుం నుంచి పైభాగమంతా ఏటవాలుగా లేవాలి. అందుకు మంచం తలవైపు కోళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు పెట్టాలి.

మా నాయన మంచానికి కడప బండ తునకలే వాడాం. బండలు కోసే చోట పక్కన పడేసే ముక్కలు అడిగితే ఇస్తారు. ఒక్కొక్కటి అంగుళం, అంగుళంన్నర మందం ఉంటుంది. నాలుగైదు పేరిస్తే కావలసిన ఎత్తు వస్తుంది. పాలిష్ పెట్టిన ముక్కలు ఒకదాని మీద ఒకటి జారుతాయి, గరుకువి ఏరుకోండి. అన్నింటికంటే వెడల్పైనది అడుగున వేసి, ముక్కకూ ముక్కకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి పరవండి. మంచం కోడు పైబండకు సరిగ్గా నడిమధ్యలో నిలవాలి. ఇద్దరు మంచం ఎత్తి పట్టుకుంటే మూడో మనిషి బండలు సర్దాలి. తర్వాత గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ పేర్చండి. మడత మంచాలకు, చక్రాలున్న మంచాలకు ఈ పద్ధతి వద్దు. వాటికి ఏటవాలుగా కోసిన ఫోమ్ దిండు కొనుక్కోవడం నయం. నులక మంచమైతే ముందు నులక బిగించండి. నడుం దగ్గర గుంట పడిన మంచానికి ఎంత ఎత్తు పెట్టినా లాభం ఉండదు.

మొదటి రాత్రుల్లో కిందికి జారుతున్నట్టు ఉంటుంది. మోకాళ్ల కింద చిన్న దిండు పెడితే సర్దుకుంటుంది. వేసవిలో మిద్దె మీద చాప వేసుకుని పడుకునేవాళ్లు చాప కింద తలవైపు బియ్యం బస్తాలాంటిదేదైనా ఏటవాలుగా పెట్టుకోవచ్చు.

ఎడమవైపు తిరిగి పడుకోవడం కూడా అలవాటు చేసుకోండి. పొట్ట మన ఒంట్లో ఎడమవైపుకు ఒరిగి ఉంటుంది. ఎడమవైపు పడుకున్నప్పుడు ఆమ్లం నిలిచే చోటు అన్నవాహిక నోటికంటే కిందికి వస్తుంది, కుడివైపు తిరిగితే పైకి వస్తుంది. ఖర్చు లేని పని, ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు వంటింటి సంగతి

సంగటి మంచి తిండి, మానాల్సిన పని లేదు. చిక్కు ఎక్కడంటే, సంగటిని నమలకుండా పులుసులో ముంచి మింగేస్తాం. ఎంత తిన్నామో తెలిసేలోపే పొట్ట నిండిపోతుంది. అందుకని రాత్రిపూట ముద్ద చిన్నది చేయండి, చిన్న చిన్న తునకలు తుంచుకుని నిదానంగా తినండి. నాటుకోడి పులుసు, మాంసం కూర ఉంటే సంగటిని మధ్యాహ్నానికి మార్చుకోండి. రాత్రికి ఆకుకూర పప్పో బీరకాయ కూరో చాలు.

కారం దోశలో ఎండుమిరపకాయలతో పాటు పచ్చి ఉల్లిగడ్డ, తెల్లగడ్డ కూడా నూరి కలుపుతారు. చాలామందికి మంట తెచ్చేది ఆ పచ్చి ఉల్లిగడ్డే. ఎర్రకారాన్ని కొంచెం నూనెలో మగ్గించి వాడి చూడండి, లేదా పలుచగా పూసి పప్పులపొడి ఎక్కువ చల్లుకోండి. ఉగ్గాని తినండి, దాని పక్కన మిరపకాయ బజ్జీలు ఒకటికి తగ్గించండి. బజ్జీలో మిరపకాయ ఎంతో, అది పీల్చుకున్న నూనె కూడా అంతే ఇబ్బంది పెడుతుంది. చింతపండు పులుసు, టమాటా, నిమ్మకాయ చిత్రాన్నం పడనివాళ్లు పొద్దున, మధ్యాహ్నం తినొచ్చేమో చూసుకోండి. రాత్రికి మాత్రం వద్దు.

ఎండలు 40 డిగ్రీలు దాటే రోజుల్లో గోలీసోడా, కూల్‌డ్రింకులు తెగ తాగుతాం. గ్యాస్ పొట్టను ఉబ్బించి తేన్పు వచ్చేలా చేస్తుంది, ఆ తేన్పుతో పాటే ఆమ్లం కూడా వస్తుంది. నన్నారి షర్బత్ ఇష్టమైతే సోడా, నిమ్మకాయ లేకుండా మామూలు నీళ్లలో కలిపించుకోండి. నీళ్లు కూడా భోజనం మధ్యలో చెంబులకు చెంబులు వద్దు, రోజంతా కొద్దికొద్దిగా తాగండి. పరగడుపున టీ మానలేకపోతే, ముందు ఏదైనా తిని తర్వాత తాగండి.

గుట్కా, ఖైనీ, బీడీ, మందు. వీటిని తగ్గించడం గురించి నేను చెప్పను, మానేయాల్సిందే.

ఒంటి మీద ఒత్తిడి

చీరకట్టులో లంగా నాడా నడుం మీద మచ్చ పడేలా బిగిస్తారు. మగవాళ్ల బెల్టూ అంతే. భోజనానికి ముందు ఒక వేలు దూరేంత వదులు చేయండి. చేనికాడ అన్నం తిన్న వెంటనే నడుం వంచి కలుపు తీయడం, చెనక్కాయ చెట్లు పెరకడం వద్దు. కనీసం అరగంట నిటారుగా ఉండే పనులు చూసుకోండి, వంగాల్సి వస్తే గొంతుక్కూర్చుని చేయండి. పొట్ట పెరిగినవాళ్లు బరువు కొంచెం తగ్గించుకున్నా తేడా తెలుస్తుంది. తిన్నాక గబగబా కాకుండా పది పదిహేను నిమిషాలు నడవండి.

టెన్షన్‌లో ఉన్నప్పుడు అదే ఆమ్లం రెట్టింపు మండినట్టు అనిపిస్తుంది. పొట్టతో ఊపిరి తీసుకోవడం దీనికి పనికొస్తుంది. కూర్చుని చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఛాతీ కదలకుండా పొట్ట పైకి లేచేలా ముక్కుతో గాలి పీల్చి, నెమ్మదిగా వదలండి. ఈ ఊపిరికి కదిలే విభాజక పటలం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరపు పొర) ఆ గుండ్రటి కండరాన్ని చుట్టుకునే ఉంటుంది. తిన్న వెంటనే కాకుండా, రోజుకు రెండుసార్లు ఐదేసి నిమిషాలు చేయండి. కపాలభాతి, తలకిందులు ఆసనాలు మాత్రం మంట ఉన్నప్పుడు వద్దు.

ఇంటి వైద్యాల్లో ఏది నయం, ఏది ముప్పు

భోజనం తర్వాత సోంపు నమలడం మంచిదే. నమిలేకొద్దీ లాలాజలం ఊరుతుంది, అది మింగినప్పుడు అన్నవాహికలో మిగిలిన ఆమ్లాన్ని కడిగేస్తుంది. జీలకర్ర నీళ్లు, వాము కడుపుబ్బరానికి కొందరికి ఊరటనిస్తాయి, అంతకుమించి ఆశించకండి. పుల్లబడని పలుచటి మజ్జిగ పడితే తాగండి. చల్లటి పాలు తాగగానే హాయిగా ఉంటుంది గానీ, కాసేపటికి పొట్ట మళ్లీ ఆమ్లం ఊరిస్తుంది. మీగడ పాలైతే పడుకునే ముందు అసలు వద్దు. పుదీనా చల్లగా అనిపిస్తుంది కాబట్టి మంటకు మంచిదనుకుంటారు. అది ఆ కండరాన్ని ఇంకా వదులు చేస్తుంది.

వంటసోడా నీళ్లలో కలుపుకుని తాగడం మా జేజి కాలం నుంచీ ఉన్న అలవాటు. అందులో సోడియం చాలా ఎక్కువ. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు అది ప్రమాదం. మిగతావాళ్లు కూడా రోజువారీ అలవాటు చేసుకోకూడదు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. "నేచురల్" అన్నంత మాత్రాన ఏదీ అందరికీ పడదు. గర్భిణులు ఇలాంటివేవీ సొంతంగా మొదలుపెట్టొద్దు.

మెడికల్ షాపు బిళ్లలు

పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటి బిళ్లలు టిఫిన్‌కు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. మంట వచ్చాకో తిన్నాకో వేసుకుంటే వాటి బలం సరిగా పనిచేయదు. డాక్టర్ చెప్పిన కోర్సు వరకు వాడటంలో భయపడాల్సిందేమీ లేదు. చీటీ లేకుండా ఏళ్ల తరబడి వాడటం వేరు. బీ12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ఎదురు తన్నినట్టు కొన్నాళ్లు ఎక్కువ ఊరుతుంది, ఆపడం కూడా డాక్టర్‌ను అడిగే చేయండి.

మోకాళ్ల నొప్పులకు షాపులో చేతికిచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలు పొట్టను, అన్నవాహికను పుండు చేస్తాయి. కొన్ని బీపీ మందులు ఆ కండరాన్ని వదులు చేస్తాయి. వాటిని మీ అంతట మీరు ఆపకండి. మంట సంగతి చెబితే డాక్టర్ మార్చగలరు. ఐరన్ బిళ్లలు, డాక్సీసైక్లిన్ లాంటివి నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట దాకా పడుకోకండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

మింగుడు పడకపోవడం, మింగితే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని వాంతులు, రక్తహీనత. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చిట్కాలు పక్కన పెట్టి వెంటనే చూపించుకోండి. వాంతిలో రక్తం, కాఫీ పొడి రంగు, తారులాంటి నల్లటి విరేచనం కనిపిస్తే ఏమాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. యాభై అయిదు దాటాక మొదటిసారి మొదలైన మంటనూ తేలిగ్గా తీసుకోకండి. ఇవేవీ లేకపోయినా, వారానికి రెండుసార్లకు మించి మంట వస్తూ, పైన చెప్పినవన్నీ నెల చేసినా తగ్గకపోతే చూపించుకోవాలి. ఏళ్లుగా ఆమ్లం తగిలే చోట అన్నవాహిక కుంచించుకుపోవచ్చు. కొద్దిమందిలో లోపలి పొర స్వభావమే మారి, అరుదుగా క్యాన్సర్‌కు దారితీస్తుంది.

దగ్గరలోని పీహెచ్‌సీతో మొదలుపెట్టండి, లేదా కడప రిమ్స్, కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల ఓపీకి వెళ్లండి. వాడుతున్న బిళ్లల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, ఆయుర్వేదం పొట్లాలతో సహా. ఎండోస్కోపీ అంటే భయపడి మధ్యలో మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు. గొంతుకు మత్తు స్ప్రే కొట్టి సన్నటి గొట్టం పంపుతారు. ఊరికే చూడటానికైతే కొద్ది నిమిషాల పని. ముందురోజు రాత్రి తిన్నాక ఇంకేమీ తినకుండా ఖాళీ కడుపుతో వెళ్లాలి. నీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో, షుగర్ మందు, రక్తం పలుచబడే మందు ఆ పొద్దున వేసుకోవాలో వద్దో ముందే అడగండి. మత్తు ఇంజెక్షన్ ఇస్తామంటే ఆ రోజు బండి నడపకూడదు, తోడుకు ఒక మనిషిని తీసుకెళ్లండి.